ఛార్జి అనే బరువు

మిరియపు గింజంత ఎర్ర దీపం.

వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

ఆ తర్వాత ఒక కూత — సన్నగా, పొడుగ్గా, చెవిలో సూది దించినట్టు.

ఆ తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేకపోవడానికి కూడా ఒక చప్పుడుంటుందని పెద్దక్కకు ఆ లిఫ్టులోనే తెలిసింది. తెల్ల దుప్పటి కింద పైకీ కిందికీ ఆడుతున్న ఛాతీ ఆడటం మానేసిన చప్పుడు.

నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగుతున్నారు. స్కానింగు గదికి. చక్రాల మంచం మీద తాపీమేస్త్రి. కాళ్ళ దగ్గర ఊపిరి మిషను. తల దగ్గర వార్డు ఇన్‌ఛార్జి నర్సు పెద్దక్క. పక్కన చిన్న సిస్టరు. లిఫ్టు ఎక్కేముందు వరండా కిటికీలో మబ్బు కనిపించింది. మిట్టమధ్యాహ్నాన్ని మసక చేసిన మబ్బు. నిండుగా, నల్లగా, ఇవాళో రేపో అన్నట్టు.

గోడ ప్లగ్గు నుంచి పీకేటప్పుడు మిషను మూడు గీతలు చూపించింది. నిండా ఛార్జి ఉందంది. ముసలి బ్యాటరీ — ఉన్నదంతా మొహాన పూసుకుని, లోపల డొల్లగా ఉండే రకం.

పెద్దక్క చేత్తో నొక్కే గాలిసంచి అందుకుంది. గొట్టానికి తగిలించింది.

నొక్కింది. వదిలింది.

నొక్కింది. వదిలింది.

ఆమె వేళ్ళే ఆ మనిషి ఊపిరితిత్తులయ్యాయి.

కానీ నెమ్ముతో బరువెక్కిన రొమ్ముకు చేతి గాలి చాలలేదు. పెదాలు నీలమయ్యాయి. స్కానింగు గది తలుపు ముందు గుండె ఆగింది. డాక్టర్లు పరుగున వచ్చారు. ఛాతీ అదిమారు... అదిమారు... చివరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ పొద్దునే ఆ మనిషి నవ్వాడు.

గొంతులో గొట్టం. నోట మాట లేదు. మంచం పక్క గోడను వేలి కణుపులతో కొట్టి చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. పూత బాగాలేదు, ఎవడో దొంగపని చేశాడు అని. వార్డంతా నవ్వింది. ఎల్లుండి గొట్టం తీసేద్దామన్నారు డాక్టరు.

ఎల్లుండి.

స్కానింగు గది తలుపు దగ్గర అతని భార్య నిలబడి ఉంది. చేతిలో ఉతికి మడతపెట్టిన చొక్కా. ఆమె డాక్టర్లను అడగలేదు. పెద్దక్కనే అడిగింది.

“ఏమైంది సిస్టరమ్మా?”

పెద్దక్క నోరు తెరిచింది. అంతకంటే ముందే సూపరింటెండెంటు గారి గొంతు వినిపించింది. మెత్తగా, దూది చుట్టినట్టు.

“గుండె ఆగిందమ్మా. ఎవరి చేతుల్లోనూ లేదు.”

ఎవరి చేతుల్లోనూ లేదు.

గాలిసంచి ఇంకా పెద్దక్క చేతుల్లోనే ఉంది.

*

ఛార్జి. ఆ మాటతో ఆమెకు పాత పరిచయమే.

రెండు వానాకాలాల కిందట ఆమెను ఇన్‌ఛార్జిని చేశారు. కోటు మీద తగిలించుకోవడానికి ఒక బిళ్ళ ఇచ్చారు. ఇంటికి వెళ్ళి అత్తగారికి చూపించింది. అత్తగారు బడిలో ఇంగ్లీషు చెప్పి చెప్పి, గొంతు పోయాక ఇంటికొచ్చిన మనిషి. ఇంట్లో ఎవరు తప్పు మాట్లాడినా ఇప్పటికీ దిద్దందే ముద్ద దిగదు. కళ్ళజోడు పెట్టుకుని బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది.

“అమ్మాయ్, ఈ మాటలో ఒక మెలికుంది. ‘ఇన్ ఛార్జ్’ అంటే వార్డు నీ చేతిలో ఉన్నట్టు. మధ్యలో ఓ చిన్న ‘ద’ దూరిందనుకో, ‘ఇన్ ద ఛార్జ్’ అయితే నువ్వే ఇంకొకరి చేతిలో ఉన్నట్టు. మీ ఆస్పత్రి వాళ్ళు ఆ ‘ద’ని జేబులో పెట్టుకునే ఉంటారు. చూసుకో.”

ఇద్దరూ నవ్వుకున్నారు, కడుపు పట్టుకుని.

నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. దిండు పోతే ఇన్‌ఛార్జి. కుళాయి కారితే ఇన్‌ఛార్జి. పై వాళ్ళు ఏది మరిచిపోయినా ఇన్‌ఛార్జి. కొనే అధికారం లేదు, మార్చే అధికారం లేదు, కాదనే అధికారం అసలే లేదు. మాట పడే అధికారం మాత్రం నిండుగా ఉంది.

ఊపిరి మిషను బ్యాటరీ నిలవడం లేదని ఆమె చెప్పింది. మళ్ళీ చెప్పింది. మిషన్లు చూసే ఇంజనీరు తల గోక్కుని, కొత్తది తెప్పించాలి, అది నా చేతిలో లేదన్నాడు. సూపరింటెండెంటు గారు కాగితాల్లోంచి తలెత్తకుండా, వస్తాయి వస్తాయి అన్నారు. అంతవరకు కాస్త చూసుకోండి, మీరు ఇన్‌ఛార్జి కదా అన్నారు.

వచ్చాయి కూడా. రెండు కొత్త మిషన్లు.

అట్టపెట్టెల్లో ఉండగానే పెద్దక్క వాటిని లిఫ్టులో చూసింది. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. ఆమె దిగింది. పెట్టెలు దిగలేదు. ఆరో అంతస్తుకు వెళ్ళిపోయాయి. ఆరో అంతస్తంటే పట్టు పరదాలు, మెత్తటి సోఫాలు, మోకాలి నొప్పికి వచ్చి వారం సేదతీరి వెళ్ళేవాళ్ళ గదులు. అక్కడ ఆ మిషన్లకు గుడ్డ కప్పి మూలన పెట్టారు. అవసరమైతే ఉంటాయని.

అవసరం నాలుగో అంతస్తులో ఉంది.

ఆ వారమంతా ఊరి మీద మబ్బు తిరిగింది. మోసుకుంటూ తిరిగింది. ఒక్క చినుకు దించలేదు.

*

ఆ సాయంత్రం మేస్త్రి పేరు మీద కంప్యూటరులో ఒక మాట పడింది. డిశ్చార్జి.

ఆ పక్కన, ఎందుకంటే అనే చోట — మరణం.

మిగిలిన ఛార్జీలు కట్టాకే మనిషిని అప్పగిస్తామన్నారు. అతని భార్య అక్కడా ఇక్కడా పరుగెత్తి కట్టింది. చొక్కా చంకలోనే ఉంది.

బ్యాటరీ డిశ్చార్జి అయింది. మనిషి డిశ్చార్జి అయ్యాడు. నడుమ ఛార్జీలు కట్టమన్నారు.

అంతా ఒకే మాట. ఒకే మాట ఇన్ని మొహాలు వేసుకుని తిరుగుతుంటే పెద్దక్కకు లోపల మొదటిసారి ఏదో పొంగింది. ఏడుపు అనుకుంది. కాదు. ఏడుపు చల్లగా ఉంటుంది.

నాలుగో మొహం వారం తిరక్కుండా వచ్చింది. ఛార్జి మెమో.

ఇన్‌ఛార్జి నర్సు ఊపిరి మిషనును గోడ ప్లగ్గుకు తగిలించడం మరిచిందని, అందువల్ల ఛార్జి లేక మిషను ఆగిందని, ఇది విధుల్లో నిర్లక్ష్యమని అందులో ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నారట వెనకటికి. ఇక్కడ ఓటి మద్దెల చేతికిచ్చి, ఆడటం రాదంటున్నారు.

సూపరింటెండెంటు గారు గదికి పిలిపించారు. కూర్చోమన్నారు. అదీ మొదటిసారే. బల్ల మీద ఆయన కారు తాళాలు తళతళలాడుతున్నాయి. ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుందని, తాను చూసుకుంటానని, లేదంటే పోలీసులు, ఛార్జిషీటు, కోర్టులు అని నెమ్మదిగా నచ్చజెప్పారు. ఆస్పత్రి మన ఇల్లు లాంటిది కదా అన్నారు. ఇంటి గుట్టు అన్నారు.

చివర ఒక మాటన్నారు.

“ఎవరో ఒకరి మీద పడాలి కదా సిస్టర్. మీరైతే తట్టుకుంటారు.”

పెద్దక్క లేచింది. తలుపు మెల్లగా వేసింది. ఆమె ఏ తలుపైనా మెల్లగానే వేస్తుంది, రోగులు నిద్రపోతుంటారని. ఆ గదిలో రోగులు లేరన్న సంగతి వరండా చివరికి వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి ఆ తలుపును మళ్ళీ, గట్టిగా వేయాలనిపించింది.

*

ఇంట్లో సంగతి చెప్పింది.

భర్త బట్టల కొట్టులో పని చేస్తాడు. పొద్దస్తమానం ఎవరికీ ఎదురు చెప్పకుండా బట్టలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే మనిషి. మనసూ అలాగే మడతపెట్టుకున్నాడు. గోడకు తల కొట్టుకుంటే గోడకేం కాదు, ఒప్పుకుని బయటపడు అన్నాడు. ఆమె మీద ప్రేమతోనే అన్నాడు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

అత్తగారు లేచి వెళ్ళి, అట్ట ఊడిన నిఘంటువు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పింది. ఆ పుస్తకంతో ఇప్పుడేం పనమ్మా అని కొడుకు విసుక్కున్నాడు. నా పని నాకుంది, నువ్వు అన్నం తిను అంది.

అప్పుడు చెప్పింది, మెల్లగా, బడిలో చెప్పినట్టు.

“పాత లాటిన్లో ‘కార్రుస్’ అంటే బండి. బండికి బరువెత్తడం. అమ్మాయ్, ఛార్జి పుట్టింది అక్కడ. ఫిరంగిలో మందు కూరినా ఛార్జే. బ్యాటరీలోకి కరెంటెక్కించినా ఛార్జే. నమ్మి మనిషిని అప్పజెప్పినా ఛార్జే. నేరం వేసినా ఛార్జే. అన్నీ బరువెత్తడాలే. మీ పెద్దాయన తిరిగే కారు కూడా ఆ బండికి పుట్టిందే.”

“మనకీ అంతేగా అత్తయ్యా,” అంది పెద్దక్క. “నేరం మోపుతాం అంటాం.”

అత్తగారు కళ్ళజోడు తీసింది. కాసేపు కోడలిని చూసింది. ఇన్నేళ్ళలో తాను దిద్దాల్సిన పని లేని మాట ఒకటి విన్నట్టు.

“అంటాం. మోపు. కట్టెల మోపు, గడ్డి మోపు. మోపేవాడొకడు, మోసేవాడొకడు.”

మోపేవాడొకడు.

మోసేవాడొకడు.

పెద్దక్క కంచం ముందు కూర్చుంది. తినలేదు. దూరంగా ఎక్కడో ఉరిమింది. మబ్బులో కూడా ఛార్జే ఉంటుందట. ఒక్కో కణం, ఒక్కో కణం పోగుపడి, మోయలేనంతయ్యాక, నేల మీద ఏది ఎత్తుగా ఉంటే దాని మీద పడుతుందట.

మబ్బు నయం. అది ఎత్తయినవాటి మీద పడుతుంది.

*

విచారణ గదిలో ముగ్గురు. నడిమి కుర్చీలో సూపరింటెండెంటు గారే. నేరం మోపింది ఆయన, తీర్పు చెప్పేదీ ఆయన. కంచే చేను మేస్తుంటే చేను ఎవరితో చెప్పుకుంటుంది.

చిన్న సిస్టరును పిలిచారు. ఆ పిల్లది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. పొడిగించే సంతకం నడిమి కుర్చీది. ప్లగ్గు పెట్టి ఉందా లేదా అని అడిగారు. ఆ పిల్ల నేల చూసింది. కిటికీ చూసింది. పెద్దక్కను తప్ప అన్నిటినీ చూసింది.

“పెట్టి... లేదండి.”

ఆ ప్లగ్గు పీకింది పెద్దక్క. తీగ చుట్టింది ఆ పిల్ల.

పెద్దక్క ఒక్కటే అడిగింది. ఆ మిషను తెప్పించండి, మీ ముందే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్లగ్గుకు పెడదాం, ఆ తర్వాత పీకి చూద్దాం అని. ముగ్గురూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. మిషను బాగుచేయడానికి వెళ్ళింది అన్నారు. ఎక్కడికి అంటే, అది మీకు సంబంధం లేదన్నారు.

రేపు పొద్దున మళ్ళీ రమ్మన్నారు. ఆలోచించుకుని రమ్మన్నారు.

వరండాలో చిన్న సిస్టరు వెనకే వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. నన్ను తిట్టక్కా అంది. నాలుగు తిట్టు, చెంప మీద కొట్టు అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించే మనిషి కాదు పెద్దక్క. ఆ మాటకొస్తే ఆమెకు అత్త మీదా కోపం లేదు.

“నిన్ను తిడితే వాళ్ళ పని నేను చేసిపెట్టినట్టవుతుంది. వెళ్ళు. ఏడో నంబరు మంచానికి మందు టైమయింది.”

ఆ పిల్ల వెళ్ళింది.

అప్పుడొచ్చింది కోపం. కొంచెంకొంచెంగా రాలేదు. ఇన్నాళ్ళూ కొంచెంకొంచెంగానే వచ్చి చేరిందని, పోగుపడిందని, ఇక పట్టేచోటు లేదని ఒక్కసారిగా తెలిసింది. వేళ్ళ చివర్ల దాకా తెలిసింది. గాలిసంచి నొక్కిన వేళ్ళు. వాటికింకా నొప్పి తగ్గలేదు.

ఆమె ఇంటికి వెళ్ళలేదు.

*

మేస్త్రి ఇల్లు రెండు గదులు. ఊళ్ళో ఎవరెవరి గోడలకో పూత పూసిన మనిషి, తన గోడ మాత్రం ఇటుకలు పళ్ళికిలించేలానే వదిలేశాడు. గుమ్మం పక్క చెట్టు కూడా కనిపించనంత మసక సాయంత్రం. తలుపు తీసింది అతని భార్య. లోపలికి రమ్మనలేదు.

పెద్దక్క గుమ్మం బయటే నిలబడి చెప్పింది. మిషను సంగతి. ముసలి బ్యాటరీ సంగతి. ఆరో అంతస్తులో గుడ్డ కప్పుకున్న మిషన్ల సంగతి. లిఫ్టు సంగతి. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. ఇప్పుడు ఆ తప్పు తన మీద మోపుతున్నారన్నది చివర చెప్పింది, అదంత పెద్ద విషయం కాదన్నట్టు.

ఆ మనిషి వింది. రెప్ప వేయకుండా వింది.

“చొక్కా ఉతికి తెద్దామని వెళ్ళాను,” అంది. “నీకు అప్పజెప్పి వెళ్ళాను. డాక్టర్లకి కాదు. నీకు.”

అప్పజెప్పి.

ఆ మనిషికి ఇంగ్లీషు రాదు. లాటిను రాదు. నిఘంటువు అట్ట ఎప్పుడూ చూసి ఉండదు. అయినా ఛార్జి అనే మాట లోపలి బరువంతా తీసుకొచ్చి పెద్దక్క ముందు పెట్టింది.

“అవును,” అంది పెద్దక్క. “నాకే అప్పజెప్పావు.”

“ఆ రోజు అడిగితే ఎందుకు చెప్పలేదు?”

“భయపడ్డాను.”

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ఆ మనిషి పెద్దక్కను క్షమించలేదు. నీళ్ళు తాగుతావా అని అడగలేదు. కోపంగా చూసింది. ఆ కోపం ముందు పెద్దక్క తల దించుకోలేదు, పక్కకు తప్పుకోలేదు. అది తనకు రావాల్సిందే అన్నట్టు నిలబడింది. ఆ ఆస్పత్రిలో ఇన్ని రోజుల్లో న్యాయంగా తన మీద పడ్డది ఇదొక్కటే.

తలుపు సగం మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

“నిన్ను మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?”

*

పొద్దున అదే గది. అవే మూడు కుర్చీలు. సూపరింటెండెంటు గారు ఒప్పుకోలు కాగితాన్ని, మూత తీసిన కలంతో సహా, ముందుకు జరిపారు.

పెద్దక్క కలం ముట్టుకోలేదు.

“ఒకటి ఒప్పుకుంటాను,” అంది. “ఆ బ్యాటరీ మంచిది కాదని తెలుసు. తెలిసీ ఆయన్ని దాంతో లిఫ్టు ఎక్కించాను. వద్దని అడ్డం పడాల్సింది, పడలేదు. అది నాది. నేను మోస్తాను. ప్లగ్గు పెట్టలేదన్నది అబద్ధం. అది నాది కాదు. ఎవరిదో వాళ్ళే మోసుకోండి.”

గొంతు పెంచలేదు. పెంచకపోయినా బయట వరండాలో నడుస్తున్న ఎవరో ఆగారు.

సూపరింటెండెంటు గారు నవ్వబోయారు. ఆవేశపడకండి సిస్టర్ అనబోయారు. సగంలో తలుపు తెరుచుకుంది. ఎవరూ పిలవలేదు. మేస్త్రి భార్య లోపలికి వచ్చింది. కాళ్ళకు వీధి దుమ్ము, మొహాన నిద్ర లేని ఎరుపు.

ఎవరమ్మా మీరు అని అడిగారు.

“మేస్త్రి పెళ్ళాన్ని. మా ఆయనకి పెట్టిన మిషను చూడాలి.”

అలా చూడటం కుదరదన్నారు. ఇది లోపలి వ్యవహారం అన్నారు. మీ బాధ మాకు తెలుసు అన్నారు. ఆ మనిషి అన్నీ విని, మిషను చూడాలి అంది మళ్ళీ. చివరికి ముగ్గురిలో ఒకాయన, బాగుచేయడానికి పంపామమ్మా, ఇక్కడ లేదు అన్నాడు.

“ఎప్పుడొస్తుంది?”

సూపరింటెండెంటు గారు కలం వెనక్కి తీసుకుని మూత పెట్టారు.

“రానీండి,” అంది. “వచ్చేదాకా కూర్చుంటాను.”

గోడ వారనున్న కుర్చీని ఎవరూ చూపించలేదు. ఆమే లాక్కుంది. నున్నటి రాతి నేల మీద కుర్చీ కాళ్ళు గది ఆ మూల నుంచి ఈ మూల దాకా గీరుకుంటూ వచ్చాయి. బల్లకు ఎదురుగా, నడిమి కుర్చీకి సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చుంది.

ముగ్గురూ ఆమె లేస్తుందేమోనని చూస్తున్నారు.